మూట కట్టే పని

శ్రవణ్ కుమార్ చనిపోయినప్పుడు భార్య యమున ఏడవలేదన్న మాట రాజోలిలో కొన్నాళ్లు నలిగింది. ఏడవకూడదని ఆమేమీ పట్టుబట్టలేదు. ఏడుపు రాలేదు, అంతే. కామెర్లు ముదిరి కర్నూలు దవాఖానలో ప్రాణం విడిచిన కొడుకును ఇంటి ముందు పడుకోబెట్టినప్పుడు, అత్త పుష్పమ్మ కోడలి భుజాలు పట్టుకుని కుదిపింది.

"ఏడ్వు బిడ్డా. జర ఏడ్వు. లోపల్నే పెట్టుకుంటే మనిషివి గావు."

ఎవరో ఏదో పని పురమాయించినట్టు యమున సరేనని తల ఊపింది. ఆ పని మాత్రం ఆమె వల్ల కాలేదు.

అది 2009 మార్చి. ఇద్దరూ వనపర్తి పాలిటెక్నిక్‌లో ఒకే బ్యాచిలో చదివారు. ఇష్టపడి పెళ్లి చేసుకుని, గద్వాల బస్టాండు ఎదురు సందులో మేడ మీద ఒక గది తీసుకుని కంప్యూటర్ సెంటరు పెట్టారు. పెళ్లి పత్రికలు, హాల్‌టికెట్లు, ఇంటర్ రిజల్టు ప్రింట్లు, వీటితో ఇల్లు గడిచేది. మనసు మాత్రం ఇద్దరికీ గది వెనక భాగంలో, ప్లైవుడ్ చెక్క అడ్డం పెట్టిన చోట ఉండేది. అక్కడ పుట్టిందే 'అంచు'.

శ్రవణ్ తండ్రి చెన్నయ్య రాజోలిలో గద్వాల చీరలు నేస్తాడు. కొత్త అంచు వేయాలంటే ముందు గ్రాఫు కాగితం మీద గడి గడికీ ఎర్ర పెన్సిలుతో పువ్వు దించాలి. ఆ గడులు చూసుకుంటూ అట్టలకు బెజ్జాలు కొట్టాలి. ఆ అట్టల దండను మగ్గం మీద, పోగుల్ని లేపే జకార్డు యంత్రానికి తగిలించాలి. ఒక్క గడి తప్పినా చీర పొడవునా పువ్వు కుంటుతూ పోతుంది. పుట్టినప్పటి నుంచీ ఇది చూసిన శ్రవణ్, ఆ పనిని కంప్యూటర్ తెర మీద చేసే ప్రోగ్రాం రాశాడు. తెర మీద పువ్వు గీస్తే ఏ అట్టకు ఎక్కడెక్కడ బెజ్జం పడాలో అదే అచ్చు వేసి ఇస్తుంది. దానికి 'అంచు' అని పేరు పెట్టి, రాసిన కోడ్‌తో సహా ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టాడు. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వచ్చు.

"ఊకె ఇస్తే మనకేం వస్తదిరా?" అని చెన్నయ్య ఒకసారి అడిగాడు.

"నీ కోటకొమ్మ అంచు జూసి ఈ వాడంత నేర్సుకున్నరు గద నాయినా. నువ్వేమన్న అడ్డం పడ్డవా?"

చెన్నయ్య లేచి మగ్గం గుంటలోకి దిగాడు. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

రాయడం శ్రవణ్‌కు మంచినీళ్లు తాగినంత సులువు. రాసినదాన్ని అన్ని రకాల కంప్యూటర్లలోనూ తెరుచుకునేట్టు చేయడం మాత్రం అతనికి చిరాకు. ఆ పని యమునది. "రాసుడు నాది, మూట గట్టుడు నీది" అనేవాడు. కంప్యూటర్‌ను నడిపేది విండోస్ అయితే, ప్రోగ్రాం నడవడానికి కావలసిన సామానంతా మూటలోనే సర్ది పంపాలి. లినక్స్ అయితే మూట చిన్నది. ఏమేం సామాను కావాలో చీటీ రాసి పెడితే అదే నెట్‌లోంచి తెచ్చుకుంటుంది. కానీ లినక్స్‌లోనూ తెగలున్నాయి. ఒక తెగకు కట్టిన మూట ఇంకో తెగ విప్పదు. చీటీలో ఒక్క పేరు తప్పు పడితే ఏదీ తెచ్చుకోదు. ప్రోగ్రాం అదే, అందులో ఒక్క అక్షరం మారదు. మూట మాత్రం ఎక్కడికక్కడ వేరే.

పుష్పమ్మ కండెలు చుడుతూ ఇదంతా ఒకసారి చెప్పించుకుని విన్నది.

"అంటే ఒకడు పెండ్లికి పోతే బియ్యం, ఉప్పు, పొయిల కట్టె గూడ బండ్ల ఏసుకోని పోతడు. ఒకడు ఒట్టి చేతుల్తోని పోయి ఆ ఊరి కొట్ల కొనుక్కుంటడు. గంతేనా?"

"గంతే అత్తా" అని యమున నవ్వింది. అప్పట్లో నవ్వేది.

కొన్నాళ్లకు ఎక్కడెక్కడి నుంచో ఈమెయిళ్లు రావడం మొదలైంది. అస్సాం నుంచి ఒకాయన, పెరూ నుంచి ఒక సంఘం, ఇంకా ఎవరెవరో. వాళ్లందరిలో ఫిన్లాండు నుంచి రాసే ఒక ముసలామె ఉండేది. బడిపంతులుగా చేసి రిటైరై, ఇంట్లో చిన్న మగ్గం పెట్టుకుని తువ్వాళ్లు నేసుకునేది. ఆమె దగ్గర మాక్ కంప్యూటర్ ఉంది. గద్వాలలో అప్పటికి మాక్ అన్నదాన్ని ఎవరూ కంటితో చూడలేదు. కాబట్టి మాక్ మూట ఆమే కట్టేది. ఆమె పేరు పలకడం వాళ్లిద్దరికీ రాలేదు. ఇంట్లో 'ఫిన్లాండామె' అనుకునేవాళ్లు.

2009 మొదట్లో శ్రవణ్ రెండో వెర్షన్ ముగించాడు. ఇందులో రెండు పక్కల అంచులు, కొంగు, అన్నీ ఒకేసారి గీసుకోవచ్చు. పైగా చాలా ఆదివారాలు రాజోలి వెళ్లి తండ్రి పక్కన కూర్చుని, ఆయన బతుకంతా నేసిన అంచుల్ని ఒక్కొక్కటే అడిగి గీసి నమూనాలుగా అందులో చేర్చాడు. నెట్‌లో పెట్టే ముందు మాక్‌లో ఒకసారి చూసి చెప్పమని ఫిన్లాండామెకు పంపబోతే గద్వాల లైను ఊరికే తెగిపోయేది. సగం పోయి ఆగేది. చివరికి విసిగి, "సీడీల ఏసి పోస్టుకే ఏద్దాం" అన్నాడు శ్రవణ్. యమున కోడ్‌తో సహా మూట కట్టి సీడీలోకి ఎక్కించింది. గద్వాల పోస్టాఫీసులో రిజిస్టరు చేయించి పంపారు. ఆ సీడీ ఫిన్లాండు చేరేసరికి ఇక్కడ శ్రవణ్ లేడు.

కర్మలు అయిపోయాక యమున మళ్లీ సెంటరు తెరిచింది. వచ్చినవాళ్లకు ప్రింట్లు తీసి ఇచ్చింది. ఈమెయిళ్లు చూసింది. "డియర్ శ్రవణ్, సీడీ అందింది. బాగా నడుస్తున్నది. ఒకచోట మాత్రం పేర్లు సరిగా కనబడటం లేదు" అని ఫిన్లాండామె రాసింది. అందింది, సంతోషం, త్వరలో సరిచేస్తాం అని యమున జవాబు రాసి కింద ఏ పేరూ పెట్టలేదు. పాత వెర్షన్‌కు ఎవరైనా ఏదైనా అడిగితే ఆ మూట విప్పి, సరిచేసి, మళ్లీ కట్టి పెట్టేది. చేతులు వాటంతట అవే చేసేవి. అందరూ "డియర్ శ్రవణ్" అనే రాసేవాళ్లు. ఆమె ఎవరినీ దిద్దలేదు. దాచిపెట్టాలని కాదు. ఆ ఒక్క వాక్యం రాయాలంటే దానికి ముందు ఏదో ఒకటి తనలో కదలాలి. ఏదీ కదలలేదు. రెండో వెర్షన్ ఊసే ఎత్తలేదు.

ఎండాకాలం గడిచేసరికి ఒక్క మనిషితో సెంటరు నడవదని తేలిపోయింది. కంప్యూటర్లను ఆటోలో వేసుకుని రాజోలికి తెచ్చి, మగ్గం ఉన్న గదిలోనే ఒక మూల బల్ల మీద పెట్టింది. పెద్దమందడి నుంచి తల్లి హన్మమ్మ వచ్చి, "ఇంగ ఈడెందుకుంటవ్, ఇంటికి రా" అంది. వస్తానని గానీ రానని గానీ యమున చెప్పలేదు. రెండు రోజులుండి హన్మమ్మ వెళ్లిపోయింది.

మామ మగ్గం నేస్తుంటే ఆ చప్పుడులో ఆమె కూర్చునేది. పుష్పమ్మ అన్నం పెడితే తినేది, పెట్టకపోతే అడిగేది కాదు.

గాంధీ జయంతి నాడు తుంగభద్ర ఊరి మీదికి వచ్చింది. అంతకు ముందు రోజు నుంచే పైన ఎక్కడో గేట్లు ఎత్తుతున్నారని చెప్పుకుంటున్నారు గానీ, ఏరు ఎన్నోసార్లు ఒడ్డుదాకా వచ్చి పోయిందే కదా అని ఎవరూ కదల్లేదు. పొద్దున చూస్తుండగానే వీధి చివర నీళ్లు కనిపించాయి. నీళ్లు పరిగెత్తుకుంటూ రాలేదు. నింపాదిగా, ఇంటింటి గడపా చూసుకుంటూ వచ్చాయి.

చెన్నయ్య మగ్గం గుంటలోకి దిగి, సగం నేసిన చీరను పడుగుతో సహా కోసి చుట్టుకున్నాడు. "అట్టలు దింపు యమునా" అని అరిచాడు గానీ, అంతలోనే గుంటలోకి నీళ్లు ఊరాయి. పుష్పమ్మ మేకను విప్పింది. యమున గది మధ్యలో నిలబడి మూల ఉన్న కంప్యూటర్ల వైపు చూసింది. ఒక్క సీపీయూ డబ్బా ఎత్తుకుని నడవడానికి సమయం ఉంది. బరువు కూడా పెద్దగా లేదు. చూస్తూ నిలబడింది.

"బీపీ గోలీలు తీస్కో బిడ్డా, గా అల్మార్ల ఉన్నయి" అని పుష్పమ్మ బయటి నుంచి కేకేసింది. యమున గోలీలు తీసుకుని బయటికి వచ్చింది.

శాంతినగర్‌లో ఒక బడిలో వాళ్లకు చోటు దొరికింది. తరగతి గదిలో నాలుగైదు కుటుంబాలు. లారీల్లో అన్నం పొట్లాలు, పాత బట్టలు, నీళ్ల ప్యాకెట్లు వచ్చేవి. ఎవరికి ఏం పోయిందో ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు. యమున వింటూ కూర్చునేది. ఆమెకు ఆ గది అలవాటైన చోటులా అనిపించింది. ఇప్పుడు అందరూ తనలాగే గోడకు ఆనుకుని కూర్చుంటున్నారు, అంతే తేడా.

నీళ్లు తీశాక ముగ్గురూ ఊళ్లోకి వెళ్లారు. గోడ ఒకటి కూలింది. మగ్గం గుంట నిండా బురద. పగ్గాలు తెగి జకార్డు బోర్లా పడి ఉంది. అట్టలు, చెన్నయ్య తన చేతుల మీదుగా కొట్టించి దండలుగా కట్టి దూలానికి వేలాడదీసుకున్న అట్టలన్నీ, నాని ముద్దయి పెంటకుప్పలా కిందపడి ఉన్నాయి. కంప్యూటర్లు బురదలో ఎక్కడున్నాయో కాలికి తగిలితే గానీ తెలియలేదు. సీడీల డబ్బా అసలు కనబడలేదు. యమున ఒక కంప్యూటర్ డబ్బాను పైకి లాగింది. సందుల్లోంచి బురదనీళ్లు కారాయి. దాన్ని పక్కన పెట్టి చేతులు కడుక్కోవడానికి నీళ్ల కోసం చూసింది.

ఆ సాయంత్రం బడి అరుగు మీద చెన్నయ్య కోడలి పక్కన కూర్చున్నాడు.

"యమునా, వాడు నన్ను కూసోబెట్టి అడిగి అడిగి గీసుకునె గద అంచులు. అయన్ని ఆ డబ్బలనే ఉండెనా?"

"ఆ డబ్బలనే మామా."

"ఇంక యాడ లేవా?"

"లేవు."

చెన్నయ్య తలకాయ ఆడించాడు. "అట్టలు బోతే మళ్ల కొట్టియొచ్చు అనుకున్న. చూసి కొట్టెతందుకు గూడ ఏం మిగల్లె. నాకు తలకాయల ఉన్నయి గని, ఇప్పుడు అడుగుతే గిట్ల గిట్ల అని చెప్పరాదు. వాడు అడిగెతట్టు ఎవరడుగుతరు?"

యమున లేచి లోపలికి వెళ్లింది. బోర్డు మీద పిల్లలెవరో సుద్దతో గీసిన దేశాల పటం సగం చెరిగి ఉంది. దాని ముందు నిలబడి ఏదీ ఆలోచించకుండా చూస్తుండగా, గద్వాల పోస్టాఫీసులో స్టాంపులు అంటించిన గుమస్తా "ఫిన్లాండా, ఇది యాడుంటదమ్మా?" అని అడగడం గుర్తొచ్చింది. అప్పుడు శ్రవణ్ గోడ మీది పటంలో వేలు పెట్టి చూపించాడు. వేలు అందక మునివేళ్ల మీద లేచాడు.

ఆమె మళ్లీ బయటికి వచ్చింది.

"మామా, ఒక తావు ఉంది."

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి గద్వాల వచ్చింది. ఒక ఇంటర్నెట్ సెంటరులో కూర్చుని, ఫిన్లాండామెకు ఈమెయిలు మొదలుపెట్టింది. ఊరికి వరద వచ్చిందని, కంప్యూటర్లు పోయాయని, ఫిబ్రవరిలో పంపిన సీడీ మీ దగ్గరే ఉంటే అందులోది తిరిగి పంపమని రాసింది. రాశాక, ఇది చదివితే ఆమెకు ఒక ప్రశ్న వస్తుందని తోచింది. శ్రవణ్ రాసిన ప్రోగ్రాం శ్రవణ్ దగ్గర లేకపోతే మళ్లీ రాసుకోవచ్చు కదా, రాసినవాడికి తెలియదా అని. దానికి జవాబు ఆ వాక్యమే. వేళ్లు కీబోర్డు మీద కాసేపు ఊరికే ఉన్నాయి. తర్వాత టైపు చేసింది. "శ్రవణ్ మార్చిలో చనిపోయాడు." ఇంగ్లీషులో మరీ చిన్న వాక్యం. పంపేసి, బస్టాండులో సమోసా కొనుక్కుని తిని, శాంతినగర్ బస్సెక్కింది.

రెండు రోజుల తర్వాత వెళ్లి చూస్తే జవాబు వచ్చి ఉంది. సీడీ భద్రంగా ఉందని, అందులోదంతా తనకు తెలిసినవాళ్ల సర్వరులో పెట్టానని, ఎప్పుడైనా దించుకోవచ్చని ఫిన్లాండామె రాసింది. శ్రవణ్ గురించి రెండు ముక్కలు రాసింది. అతను తన మగ్గం ఫొటో చూసి, పగ్గం తప్పు కట్టారని చెప్పి నవ్వించాడట. చివర ఒక ప్రశ్న అడిగింది.

"మరి మార్చి తర్వాత నాకు రాస్తున్నది ఎవరు? మూటలు కడుతున్నది ఎవరు?"

యమున ఆ రెండు వాక్యాల్నీ చూస్తూ కూర్చుంది. పక్క కుర్చీలో కూర్చున్నామె తన కొడుకు రిజల్టు నంబరు ఎక్కడ కొట్టాలని అడిగితే చూపించి, మళ్లీ ఆ వాక్యాల దగ్గరికి వచ్చింది. "నా పేరు యమున. శ్రవణ్ భార్యను. మొదటి నుంచీ మూటలు కట్టేది నేనే" అని రాసింది.

దించుకోవడం, సరిచేయడం, మూటలు కట్టడం, వీటికి మూడు రకాల కంప్యూటర్లు కావాలి. శాంతినగర్ బడిలో కరెంటు ప్లగ్గు కూడా లేదు. ఆమె పెద్దమందడిలో తల్లిగారింటికి వెళ్లింది. అక్కడి నుంచి వనపర్తి ఎంతో దూరం లేదు. హన్మమ్మ వాకిట్లో వేరుశనగ కాయలు ఆరబోస్తున్నది. బిడ్డను చూసి లేచి నిలబడింది.

"ఒచ్చినవా. మంచి పని జేసినవ్. మునిగిన ఇంట్ల ఏముంటవ్."

"ఉండనీకి రాలేదమ్మా. పనుంది."

"ఏం పని?"

"మూట గట్టేది ఉంది."

హన్మమ్మకు ఆ మాట అర్థం కాలేదు. బిడ్డ ముఖం చూసి మళ్లీ అడగలేదు. పొద్దున్నే జొన్నరొట్టె, పల్లీల పచ్చడి కట్టిచ్చేది.

వనపర్తి పాలిటెక్నిక్ రాజావారి పాత బంగళాలోనే నడుస్తున్నది. కురుమూర్తి సార్ ఇంకా కంప్యూటర్ ల్యాబ్ చూస్తున్నాడు. ఇద్దరికీ పాఠం చెప్పినాయన. శ్రవణ్ సంగతి అప్పుడే విన్నాడట, రాలేకపోయానని చెబుతూ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. యమున బల్ల మీది నీళ్ల సీసా మూత తీసి ఆయనకు ఇచ్చింది.

"గా చివరి కుర్చీల కూసునేటోడు వాడు" అన్నాడు సార్. "నీకేం గావాల్నో చెప్పు తల్లీ."

"పాత విండోస్ ఒకటి, లినక్స్ రెండు రకాలు గావాలె సార్. నెట్ గావాలె."

"పిల్లలు పది దాటినంక వస్తరు. అప్పటిదాక నీదే. సాయంత్రం గూడ నీదే."

సర్వరు నుంచి దించిన మూటను ఆమె విప్పింది. తను కట్టిందే. ఏది ఎక్కడ పెట్టిందో చేతులకు గుర్తుంది. నమూనాల ఫోల్డరు తెరిస్తే రుద్రాక్ష, కోటకొమ్మ, హంస, మామ చెప్పిన అంచులన్నీ వరసగా కనిపించాయి. ఇది చూస్తే ఏదో అవుతుందని బస్సులో అనుకుంది. ఏమీ కాలేదు. ఫ్యాను తిరుగుతున్నది. ఆమె కుర్చీ ముందుకు జరుపుకుని పని మొదలుపెట్టింది.

పని తేలికగా సాగలేదు. విండోస్ మూట విప్పుకుంది గానీ అంచుల పేర్ల చోట ఖాళీ డబ్బాలు కనబడ్డాయి. తెలుగు అక్షరాలు ఆ కంప్యూటర్‌లో లేవు. ఫిన్లాండామె మార్చిలోనే చెప్పిన తప్పు ఇదే. ఆ అక్షరాల్ని కూడా మూటలో సర్దాల్సి వచ్చింది. సర్దితే మూట ఉబ్బింది. ఒక లినక్స్ తెగ చీటీలో అడిగిన సామాను పేరు ఈ మధ్య మార్చేశారు, పాత పేరు చెబితే లేదంటున్నది. ఒకటి సరిచేస్తే ఇంకోచోట ఊడేది. ఫిన్లాండామె మాక్‌లో చూసి, ఇది బాగుంది, అది బాగాలేదు అని పొట్టి పొట్టి వాక్యాలు రాసేది. ఓదార్పు మాటలు ఇంకెప్పుడూ రాయలేదు. యమునకు అది నచ్చింది.

పిల్లలు రావడం, కుర్చీలు జరపడం, బెల్లు కొట్టడం ఆమెకు వినబడేవి కాదు. తలెత్తి చూస్తే కిటికీ అవతల ఎండ పక్క గోడ ఎక్కి ఉండేది. బాధ లేదు, సంతోషమూ లేదు. అయినా ఒక పూట, సీడీ వేసేటప్పుడు శ్రవణ్ ఏం చొక్కా వేసుకున్నాడో గుర్తు తెచ్చుకోవాలని ప్రయత్నించింది. గుర్తు రాలేదు. ఆ రోజు మూట త్వరగా ముగించి బస్టాండుకు నడిచింది.

నవంబరు చివర తెలంగాణ కోసం బందులు మొదలయ్యాయి. బస్సులు ఒక రోజు తిరిగితే రెండు రోజులు ఆగేవి. కాలేజీకి తాళం వేస్తే కురుమూర్తి సార్ వెనక తలుపు తీయించి ఇచ్చేవాడు. అట్లా ముక్కలు ముక్కలుగా పని సాగి, డిసెంబరులో 'అంచు' రెండో వెర్షన్‌ను నెట్‌లో పెట్టింది. అన్ని మూటలూ ఒకే పేజీలో, ఏ కంప్యూటర్‌కు ఏది తీసుకోవాలో పక్కనే రాసి. పైన శ్రవణ్ పేరు, అతను పోయిన నెల. దాని కింద, ఈ నమూనాలు రాజోలి చెన్నయ్యవి అని. తన పేరు కూడా రాసింది, మూటల గురించి అడగాలంటే ఎవరికి రాయాలో తెలియాలి గనుక.

అంచుల అచ్చు కాగితాలు తీసుకుని రాజోలి వచ్చింది. ఊరి బయట మెరక మీద రేకుల షెడ్లు వేశారు. చెన్నయ్య జకార్డును కిరసనాయిలుతో తుడిచి, తుప్పు గీకి, గుంట తవ్వడానికి వీల్లేక గట్టి నేల మీదే మగ్గం నిలబెట్టుకున్నాడు. కాగితాలు ఇస్తే వెలుతురు కోసం షెడ్డు గడపలో కూర్చుని, గడుల మీద వేలు పెట్టి కోటకొమ్మ అంచును పైనుంచి కిందికి చదువుకుంటూ వచ్చాడు. ఒకచోట వేలు ఆగింది.

"ఈడ ఒక గడి తప్పింది."

యమున వంగి చూసింది. "నేను మూటల్ల ఏమన్న పోగొట్టిన్నా?"

"నువ్వు గాదు. వాడు గాదు. నేనే. ఎన్నడో పడుసుతనంల తప్పు గొట్టిచ్చిన, గట్లనే నేస్తనే ఒస్తున్న. వాడు నేను చెప్పింది చెప్పినట్టే గీసిండు." ఆయన ముఖంలో నవ్వు లాంటిది కదిలింది. "తప్పు అని తెల్వక గీసిండా, తెల్సి ఉంచిండా?"

"తెల్వదు మామా. తీసెయ్యాల్నా?"

"ఇది ఎంతమంది తీస్కున్నరు?"

"పెట్టి వారమే అయింది. శానమందే తీస్కున్నట్టున్నరు."

"ఫిన్లాండామె గూడనా?"

"ఆమెనే ముందు."

"అయితే ఉండనియ్యి" అన్నాడు చెన్నయ్య. "ఆమె గూడ గట్లనే నేస్తది ఇంగ."

ఆ కాగితాలు ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకు తిరిగాయి. అట్టలు కొట్టేవాళ్ల దగ్గరికి గద్వాలకు వెళ్లి వచ్చాయి. ఎవరి అంచు ఎవరిదో అడిగినవాళ్లు లేరు. పోయినవి పోయినా, మగ్గం నిలబెట్టుకున్నవాళ్లకు చూసి కొట్టించుకోవడానికి ఒకటంటూ దొరికింది.

సంవత్సరం చివరి రోజుల్లో, బందు లేని ఒక పొద్దున యమున నూలు లడీల కోసం గద్వాల వెళ్లి, బస్సుకు ఇంకా సమయముందని నెట్ సెంటరులో కూర్చుంది. చాలా ఉత్తరాలున్నాయి. పరిచయం లేనివాళ్లు శ్రవణ్ గురించి మంచి మాటలు రాశారు. ఒక్కొక్కటే చదివి, ఒక్కొక్క దానికీ ధన్యవాదాలని రాసింది. చేయి నొప్పి పుట్టింది గానీ ఇంకేమీ లేదు. చివరగా అస్సాం ఆయనది తెరిచింది.

"డియర్ శ్రవణ్ సార్, కొత్త విండోస్ వచ్చి రెండు నెలలైంది. మీ మూట అందులో తెరుచుకోవడం లేదు. ఇదివరకే ఒకసారి రాశాను. పట్టించుకోలేదు. ఇట్లాగైతే మీ ప్రోగ్రాంను ఎవరు నమ్ముతారు? వెంటనే చేసి పంపగలరు."

యమున ఒకసారి చదివింది. మళ్లీ చదివింది. మూట దించుకున్న పేజీలోనే, అన్నిటికంటే పైన, శ్రవణ్ పోయాడని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. దాన్ని దాటుకునే కింద మూట మీద నొక్కి ఉంటాడు. చెవులు వేడెక్కాయి. ఏమవుతున్నదో ఆమెకు మొదట తెలియలేదు.

"కండ్లు లేవా ఈనికి?" అని పైకే అనేసింది.

పక్కనున్నవాళ్లు తిరిగి చూశారు. ఆమె జవాబు రాయకుండానే లేచి, డబ్బులిచ్చి బయటికి వచ్చింది. బస్సులో కూర్చున్నంతసేపూ మనసులో అతనితో పోట్లాడింది. వాడి ఇంట్లో నీళ్లు వచ్చాయా? వాడేమన్నా సీడీ పోస్టు చేశాడా? ఊరికే దొరికింది కదాని ఎంత మాటంటే అంత మాటా? శాంతినగర్‌లో బస్సు మారేటప్పుడు లడీల సంచి సీట్లోనే మరిచిపోయి, దిగి, మళ్లీ పరిగెత్తి ఎక్కి తెచ్చుకుంది.

షెడ్డులోకి వచ్చి సంచిని గట్టిగా నేల మీద పెట్టింది. పుష్పమ్మ రాట్నం ఆపి చూసింది.

"ఏమైంది? ఎవరితోనన్న లొల్లి పెట్టుకున్నవా?"

"అస్సాంల ఒకడున్నడు అత్తా. పైన పెద్దగ రాసిపెట్టినా సదవకుండ, ఇంక చెయ్యలేదు, ఎవరు నమ్ముతరు అని రాసిండు. కొత్త విండోస్ నాకాడ ఉంటే గద నేను చూసేది? యాడికెళ్లి తేవాలె? చెప్పనీకి నోరెట్ల వస్తదో మనుషులకు."

ఆమె ఇంత పొడుగు మాట్లాడి ఎన్నాళ్లయిందో. పుష్పమ్మ లేచి గిన్నెలో అన్నం పెట్టి, పప్పు పోసి ముందుకు జరిపింది. యమున తింటూ తింటూ మధ్యలో ఆగి మళ్లీ అస్సాం ఆయన్ని తిట్టింది. ఇంకొంచెం పప్పు వేయించుకుంది.

చెన్నయ్య మగ్గం మీద నుంచే విన్నాడు.

"కొత్త కంపూటర్లు గావాల్నా? గద్వాలల పత్తి ఇత్తనాల కంపెనీ ఆఫీసుల దింపిన్రంట మొన్న. కొత్తయేనంట. మేనేజరు మనకు చీరలు తీస్కుంటడు."

"దాంట్ల కొత్త విండోసే ఉంటదా మామా?"

"నాకేం తెల్సు? పోయి అడుగు."

యమున చేయి కడుక్కుంది. మూటలో ఏ సామాను మార్చాల్సి ఉంటుందో అప్పటికే తలలో తిరుగుతున్నది. పాతవాటిలో ఒకటి ఆ కొత్తదానికి పడటం లేదేమో, అదొక్కటి తీసి వేరేది పెడితే సరిపోతుందేమో. చూస్తే గానీ తెలియదు.

"రేపు పొద్దున బస్సుందా?" అని అడిగింది.

"బందు లేకుంటే ఉంది" అన్నాడు చెన్నయ్య, పోగుల మధ్య నాడె విసురుతూ.